పది లక్షల లాభం, మూడు రకాల పన్ను

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ధనవంతుల మీద పన్ను పెంచుతారట అని టీవీలో వచ్చిన రోజు నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. మొన్న హోల్‌సేల్ కిరాణా చేసే ఒకాయన టెన్షన్‌గా అడిగారు: "ఆడిటర్ గారూ, యాభై లక్షలు దాటితే సర్‌చార్జీ వేస్తారట, నాది రెండు కోట్లు ఉంది కదా!" ఆ రెండు కోట్లు ఆయన అమ్మకం. సరుకు కొన్న డబ్బు, అద్దె, జీతాలు, వడ్డీ పోను ఆయనకు మిగిలేది పన్నెండు లక్షలు. సర్‌చార్జీ అంటే పన్ను మీద పన్ను; సొంత పేరు మీద వ్యాపారం చేసేవాడికి అది, పన్ను పడే ఆదాయం 50 లక్షలు దాటాక గానీ మొదలవదు. మన బజారులో ఆ గీత దాటినవాళ్లు ఎందరో మీకే తెలుసు. ముందు వరుసలో కూర్చున్నారు, పేర్లు చెప్పను.

ఈ భయం ఊరికే పుట్టలేదు లెండి. ఆదాయాన్ని మెట్లుగా విడగొట్టి ఒక్కో మెట్టుకు ఒక్కో రేటు వేస్తారు, వాటినే శ్లాబులంటారు; 1973-74లో అన్నిటికంటే పై శ్లాబు రేటు, సర్‌చార్జీతో కలిపి 97.75 శాతం. ఆ శ్లాబులో నూరు రూపాయలు సంపాదిస్తే చేతికొచ్చేది రెండుంపావలా. పన్ను ఎగవేతకు ఇంతింత రేట్లే ముఖ్య కారణమని, ఆ సంగతి చూడటానికి ప్రభుత్వం వేసిన వాంఛూ కమిటీ అంతకుముందే, 1971లోనే చెప్పింది. బిల్లు లేని జీరో వ్యాపారం, రెండో ఖాతా పుస్తకం మన తాతల ముచ్చట్లలోకి ఎలా వచ్చాయో వేరే చెప్పాలా? తర్వాత, చనిపోయినవారి ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీ 1985లో పోయింది. సంపద పన్ను 2015లో పోయింది; 2013-14లో దేశమంతా కలిపి దాని వసూలు 1,008 కోట్లే. దాని బదులు కోటి దాటిన ఆదాయాలపై అదనంగా 2 శాతం సర్‌చార్జీ వేశారు.

అసలు నొప్పి ఇంకోచోట ఉంది. పన్నులు పోను పది లక్షలు కాదు, పన్నుకు ముందే పది లక్షల లాభం అనుకోండి. సొంత పేరు మీద కొట్టు నడిపేవాడికి 2025-26 నుంచి కొత్త పన్ను పద్ధతిలో దాని మీద పన్ను సున్నా. 22 శాతం రేటు ఎంచుకున్న కంపెనీకి సర్‌చార్జీ, సెస్ (విద్య, వైద్యం పేరిట పన్ను మీద వేసేది) కలిపి 2,51,680 రూపాయలు. అదే లాభం అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టుకున్న పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌లో మిగిలితే 3,12,000! ఫర్మ్‌కు శ్లాబులు లేవు. మొదటి రూపాయి నుంచే 30 శాతం, పైన సెస్. కోటి దాటితే ఇంకో 12 శాతం సర్‌చార్జీ. వేల కోట్ల లాభమున్న కంపెనీ కూడా ఆ రేటు ఎంచుకుంటే పాతిక శాతం చిల్లర కడుతుంది. 2019 సెప్టెంబరులో కంపెనీలకు రేటు తగ్గించినప్పుడు ఫర్మ్‌ల ఊసే ఎత్తలేదు. ధనవంతుల మీద పన్ను వద్దని మన పేరు చెప్పి వాదించేవాళ్లెవరూ ఈ మాట ఎత్తగా నేను వినలేదు.

కంపెనీ వాళ్ల వైపూ చెప్పాలి. లాభాన్ని డివిడెండ్‌గా పంచితే, తీసుకున్నవాడి చేతిలో మళ్లీ పన్ను పడుతుంది. ఫర్మ్‌లో భాగస్వామి వాటాకు ఆ బాధ లేదు. కానీ లాభాన్ని పంచకుండా గోడౌన్ కట్టుకోవడానికో, మిషన్ కొనడానికో వాడుకునేవాడికి కంపెనీయే చవక. ఎదగాలనుకునే చిన్న వ్యాపారి పని కూడా అదే కదా.

అలాగని రేపే కంపెనీ పెట్టేయకండి. అమ్మకం ఎంత తక్కువైనా కంపెనీకి ఏటా ఆడిట్ తప్పదు, రిటర్నులు తప్పవు. నా ఫీజూ తప్పదు.

ఈలోగా చేయగలిగింది ఒకటుంది. పని చేసే భాగస్వాములకు జీతం, పెట్టుబడి మీద 12 శాతం దాకా వడ్డీ, చట్టం చెప్పిన హద్దుల్లో ఫర్మ్ లాభంలోంచి తీసేయవచ్చు. అవి వాళ్ల సొంత ఆదాయంలోకి వెళ్లి శ్లాబుల లాభం పొందుతాయి. అయితే ఆ సంగతి డీడ్‌లో, అంటే భాగస్వాముల ఒప్పంద పత్రంలో, రాసి ఉండాలి. చాలామంది డీడ్‌లు మీ నాన్నగారి కాలంలో రాసినవి. జీతం మాటే ఉండదు. రేపు వచ్చేటప్పుడు బిల్లుల సంచితో పాటు బీరువాలోని ఆ స్టాంపు కాగితాలు కూడా పట్టుకు రండి.