జర్నళ్ళ ప్యాకేజీ: శ్రీకాకుళం స్టూడియోలో గంట చర్చ, చివరి భాగం

యాంకర్: జిల్లాలో ఒక ప్రైవేటు కాలేజీ ఈ ఏడాది జర్నళ్ళ, అంటే పరిశోధన వ్యాసాలు అచ్చేసే పత్రికల, ప్యాకేజీ చందా రెన్యూ చెయ్యలేదు. లైబ్రేరియన్ మేడమ్, నాది ఒకటే ప్రశ్న. అసలు చదివేవాళ్ళున్నారా?

లైబ్రేరియన్: ఉన్నారండి. మాకు నిజంగా పనికొచ్చేవి పదో పదిహేనో. విడిగా కొందామంటే ధర చుక్కలు చూపిస్తుంది. ప్యాకేజీలో అయితే ఎవరూ తెరవనివి కూడా అంటగడతారు. ఏటా రేటు...

రిటైర్డ్ ప్రొఫెసర్: పలాసలో అరకిలో జీడిపప్పు అడిగితే పిక్కల బస్తా ఎత్తుకోమన్నట్టు!

లైబ్రేరియన్: సార్, నేనింకా...

ప్రొఫెసర్: ఒక్క నిమిషమమ్మా. వ్యాసం రాసేది మనం. పైసా తీసుకోకుండా దిద్దేదీ మనలాంటివాళ్ళే. మళ్ళీ కొనుక్కునేదీ మనమే! 2012లో హార్వర్డే మొత్తుకుంది, జర్నళ్ళకు ఏడాదికి 37.5 లక్షల డాలర్లు మావల్ల కాదని. 2019లో కాలిఫోర్నియా యూనివర్సిటీ జర్నళ్ళ కంపెనీ ఎల్సెవియర్‌కి దండం పెట్టేసింది.

పరిశోధక విద్యార్థిని: 2021లో మళ్ళీ ఒప్పందం చేసుకుంది కదా సార్.

ప్రొఫెసర్: చేసుకుంది. వాళ్ళ వ్యాసాలు అందరూ ఉచితంగా చదివేలా చేసుకుంది!

యాంకర్: చదవడం అంటే... మా పిల్లలు ఫోన్ తప్ప ముట్టుకోరు. అందుకే అడుగుతున్నా.

విద్యార్థిని: మాది కవిటి వైపండి. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద చేస్తున్నాను. మా ఊళ్ళ నీళ్ళు, మావాళ్ళ రక్తం పరీక్షించి రాసిన పేపర్లు. కొన్ని తెరవాలంటే ముప్పై డాలర్లకు పైనే అడుగుతున్నాయి. డబ్బు కట్టకుండా పేపర్లు దొరికే సైటు సై-హబ్‌లో...

యాంకర్: ఆ పేరు ఇక్కడ వద్దమ్మా.

విద్యార్థిని: 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు బ్లాక్ చెయ్యమంది లెండి, ఇక టెన్షన్ లేదు.

(నవ్వులు. ప్రొఫెసర్ నవ్వలేదు.)

లైబ్రేరియన్: కేంద్రమే జర్నళ్ళకు చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ గురించి చెప్పనివ్వండి. 2024 నవంబరులో కేబినెట్ ఒప్పుకుంది. 30 మంది ప్రచురణకర్తలు, 13,000 దాకా జర్నళ్ళు. ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ లాంటి ప్రభుత్వ సంస్థలకే. మాలాంటి ప్రైవేటు కాలేజీలకు...

ప్రొఫెసర్: మూడేళ్ళకు 6,000 కోట్లు! ఎవరి జేబులోకి? కథకుడు కాళీపట్నం రామారావు, మన కారా మాస్టారు, ఇదే ఊళ్ళో 1997లో తెలుగు కథల లైబ్రరీ కథానిలయం పెట్టారు. ప్యాకేజీ అడిగారా?

యాంకర్: మంచి మాట. కథానిలయానికి ఇప్పుడు చదివేవాళ్ళు వస్తున్నారా?

లైబ్రేరియన్: అది వేరే సంగతండి. అవి కథలు...

ప్రొఫెసర్: వేరే ఏటమ్మా! పుస్తకం పుస్తకమే. అన్ని కాలేజీలూ ఒకేసారి మానేస్తే దిగిరారా?

విద్యార్థిని: దిగొచ్చేలోగా నా పీహెచ్‌డీ గడువు అయిపోతుంది సార్.

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. హార్వర్డ్ లెక్క మూడోసారి వినిపించింది.)

లైబ్రేరియన్: ఉచితంగా చదవనిస్తే ఆ ఖర్చు రాసేవాళ్ళ మీద పడుతోంది. ఒక్క వ్యాసం అచ్చుకే లక్షలు అడిగే జర్నళ్ళున్నాయి. దాన్నెవరు...

యాంకర్: టైమైపోయింది మేడమ్. సార్, ముప్పై సెకన్లు మీకే.

ప్రొఫెసర్: ముప్పై చాలవు. 2012లో హార్వర్డ్...