అలిపిరి దగ్గర బోర్డు మారిస్తే: రీబూట్ లేకుండా కెర్నెల్‌కు ప్యాచ్

అందరికీ నమస్కారం. భోజనం చేసి వచ్చిన వాళ్లను కూర్చోబెట్టి, ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నెల్ గురించి చెప్పడం అన్యాయమే. కానీ మీరు తిరుపతి పిల్లలు కదా, గంటలకొద్దీ కదలని క్యూలు మీకు కొత్త కాదు.

కొన్నేళ్ల కిందట నేను చూసుకునే ఒక ఆఫీసు సర్వర్‌కి సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది. రీబూట్ తప్పదు. పగలంతా జనం పనిలో ఉంటారు కదా, శనివారం రాత్రి చేద్దాంలే అనుకున్నాను. ఆ నాలుగు రోజులూ టెన్షనే. నాకేం కాలేదు. ఎంఐటీలో జెఫ్ ఆర్నాల్డ్ అనే విద్యార్థి కూడా ఇలాగే వారాంతానికి వాయిదా వేస్తే, ఈలోపే సర్వర్‌లోకి ఎవరో చొరబడ్డారు. ఆ దెబ్బతో అతను మొదలుపెట్టిందే కెస్‌ప్లైస్, అంటే రీబూట్ లేకుండానే లినక్స్ కెర్నెల్‌కు ప్యాచ్ (తప్పు దిద్దే కోడ్) వేసే సాధనం. 2011లో దాన్ని ఒరాకిల్ కొనేసింది. 2014లో ఇలాంటివే ఇంకో రెండు వచ్చాయి: రెడ్ హ్యాట్ కంపెనీ నుంచి కెప్యాచ్, సూసే కంపెనీ నుంచి కెగ్రాఫ్ట్. రెండింటికీ పనికొచ్చే పునాది 2015లో లినక్స్ 4.0లో చేరింది.

ఇందులో పాత ఫంక్షన్‌ని, అంటే తప్పున్న కోడ్ ముక్కని, ఎవరూ చెరపరు. మన మామూలు ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో దాదాపు ప్రతి కెర్నెల్ ఫంక్షన్ మొదట్లోనూ ఎఫ్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ ఎప్పుడు నడుస్తోందో గమనించే సాధనం) కోసం 5 బైట్ల చోటు ఉంటుంది. మామూలు రోజుల్లో అక్కడ ఏ పనీ జరగదు. ప్యాచ్ వేయగానే ఆ 5 బైట్లలో ఒక కాల్ వచ్చి కూర్చుంటుంది, వచ్చినవాళ్లను కొత్త ఫంక్షన్‌కి మళ్లిస్తుంది. ఘాట్ రోడ్డు పాడైందని పక్కనే ఇంకోటి వేసి, అలిపిరి టోల్‌గేట్ దగ్గర బోర్డు మార్చినట్టు.

బోర్డు మార్చడం సులువే. అప్పటికే సగం మలుపులు ఎక్కేసిన బస్సు సంగతేంటి? దాన్ని ఎత్తి కొత్త రోడ్డు మీద పెట్టలేం కదా! కెప్యాచ్ అన్ని బండ్లనూ ఒక్క క్షణం ఆపి, పాత రోడ్డు మీద ఎవరైనా ఉన్నారా అని చూసేది. ఉంటే వెనక్కి తగ్గి, మళ్లీ ప్రయత్నించేది. కెగ్రాఫ్ట్ ఎవరినీ ఆపేది కాదు, దిగి టోల్‌గేట్ దాటిన బండికి మాత్రం ఇకపై కొత్త దారి అనేది. 2017లో లినక్స్ 4.12 ఈ రెండు పద్ధతులనూ కలిపింది. నాకు కెగ్రాఫ్ట్ ఆలోచనే ముచ్చటగా అనిపిస్తుంది.

అయినా ఏదో ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) పాత ఫంక్షన్ మధ్యలో నిద్రపోతుంటుంది, డ్రైవరు మలుపులో బస్సు ఆపి కునుకు తీసినట్టు. అప్పుడు, మార్పు ఇంకా నడుస్తోందా అని చెప్పే ట్రాన్సిషన్ అనే ఫైల్లో 1 అలాగే ఉండిపోతుంది. అది 0 అయితేనే పని పూర్తయినట్టు.

అన్నట్టు, దీంతో కెర్నెల్ మొత్తం మారిపోదు. కెర్నెల్ వెర్షన్ చూపే యూనేమ్ కమాండ్ కొడితే పాత వెర్షనే కనిపిస్తుంది. కెర్నెల్ తన సమాచారాన్ని పేర్చుకునే డేటా స్ట్రక్చర్ల కొలతలు మారితే పెద్ద తలనొప్పి. కెర్నెల్ మొత్తం మార్చాలంటే 2005 నుంచి కెఎగ్జెక్ ఉంది. మెషీన్‌ని మొదట లేపే బయోస్ దాకా వెళ్లకుండా కొత్త కెర్నెల్‌లోకి దూకుతుంది కానీ, నడుస్తున్న ప్రోగ్రాములన్నీ పోతాయి.

ఇక ప్రొజెక్టర్ వేయండి బాబూ. ప్రాక్ సీఎండీలైన్ ఫైల్ చూపిస్తున్నాను, బూట్ ఆప్షన్లు కనిపిస్తున్నాయి కదా? ఇప్పుడు కెర్నెల్ సోర్సుతోపాటే వచ్చే శాంపిల్ ప్యాచ్ ఎక్కిస్తున్నాను. అదే ఫైల్, మళ్లీ చూడండి: "దిస్ హ్యాజ్ బీన్ లైవ్ ప్యాచ్డ్". వెనక బెంచీ వాళ్లూ, అప్‌టైమ్, అంటే రీబూట్ లేకుండా నడిచిన సమయం, ఎంతుందో చదవండి.