నీల్ బార్ట్‌లెట్: ఎర్ర పొడి నుంచి పసుపు పొడి దాకా

శ్రోతలకు నమస్కారం.

ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివినవాళ్లకు 18వ గ్రూపు, అంటే జీనాన్ లాంటి జడవాయువుల పాఠంలో ఒక వాక్యం గుర్తుండే ఉంటుంది. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్‌తో చర్య జరపడం చూసి, నీల్ బార్ట్‌లెట్ జీనాన్‌తోనూ అదే చర్య చేసి చూశాడని. పరీక్షకు రెండు మార్కుల ప్రశ్న అది. ఆ వాక్యంలో "చూసి" అన్న మాట ఉంది చూశారా, ఆ ఒక్క మాట వెనక కొన్నేళ్ల చాకిరీ ఉంది. ఈ పూట దాని గురించే చెప్పుకుందాం.

బార్ట్‌లెట్ 1932 సెప్టెంబరు 15న ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో పుట్టాడు. పన్నెండేళ్ల వయసులో బడిలో చేసిన ఒక ప్రయోగం ఆయన్ని కట్టిపడేసింది. మన దగ్గర రైతులు వాడే మైలుతుత్తమే, కాపర్ సల్ఫేట్. దాని నీలి ద్రావణంలో అమ్మోనియా చుక్కలు వేస్తే ముందు లేత నీలం రంగు మడ్డి పడుతుంది. ఆపకుండా ఇంకాస్త పోస్తే ఆ మడ్డి కరిగిపోయి, సిరా కంటే చిక్కని ముదురు నీలం వస్తుంది. రాగి చుట్టూ ఉన్న నీటి అణువులను తోసి నాలుగు అమ్మోనియా అణువులు ఆ చోట్లో కూర్చోవడం వల్ల వచ్చిన రంగు అది. ఆ ద్రావణం నుంచి చక్కటి స్ఫటికాలు కడతాయి. అన్నదమ్ములిద్దరూ కలిసి ఐస్‌క్రీం అమ్మి సంపాదించిన డబ్బుతో కుర్రవాడు ఇంట్లోనే చిన్న ప్రయోగశాల పెట్టుకున్నాడు. ఊళ్లోని కింగ్స్ కాలేజీలో డిగ్రీ, 1958లో పీహెచ్‌డీ. అదే ఏడు కెనడాలో వాంకూవర్ నగరంలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరాడు.

ఆయన ఎంచుకున్న రంగం ఫ్లోరిన్ రసాయనశాస్త్రం. ఫ్లోరిన్ అనగానే మనకు నల్గొండ నీళ్లు గుర్తొస్తాయి. అక్కడ నీళ్లలో ఉండేది ఫ్లోరైడ్, అంటే అప్పటికే ఎలక్ట్రాన్‌ను దక్కించుకుని శాంతించిన రూపం. తాగే నీళ్లలో అది లీటరుకు ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. ఫ్లోరిన్ వాయువు సంగతి పూర్తిగా వేరు. అది ఎదురైన దాదాపు ప్రతిదాని నుంచీ ఎలక్ట్రాన్ లాక్కుంటుంది. మామూలు ప్రయోగశాలల్లో గాజు బిరడాలకు రాసే గ్రీజును సైతం అంటించేస్తుంది.

అందుకే ఈ పనికి నికెల్ గానీ, నికెల్-రాగి మిశ్రమమైన మోనెల్ గానీ వాడతారు. లోహమైతే ఫ్లోరిన్ తినేయదా అని అడగొచ్చు. తింటుంది, అయితే పై పొర వరకే. మొదటిసారి కొద్దికొద్దిగా ఫ్లోరిన్ వదిలితే లోపలి గోడల మీద నికెల్ ఫ్లోరైడ్ పొర పలచగా కట్టుకుని, ఆ పొరే కవచమవుతుంది. ఈ మెట్టు మానేసి ఒక్కసారిగా నిండా వదిలితే, లోపల జిడ్డో దుమ్మో ఉందంటే గొట్టమే మండిపోవచ్చు.

లోపలి రంగు చూడాలంటే మాత్రం గాజు తప్పదు. గాజుతో వచ్చే చిక్కు తేమ. ఒక్క చుక్క నీరు మిగిలిందనుకోండి, ఫ్లోరైడ్‌తో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది. అది గాజులోని సిలికాను తిని, సిలికాన్ టెట్రాఫ్లోరైడ్‌తో పాటు మళ్లీ నీటినే పుట్టిస్తుంది. ఆ నీరు మళ్లీ హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది. అలా ఆవగింజంత తేమ మొత్తం సరుకును చెడగొడుతుంది. అందుకే గాజు సామగ్రిని వాక్యూమ్‌లో ఉంచి, మంటతో వేడిచేసి ఆరబెడతారు. సోడియం ఫ్లోరైడ్ గుళికలు హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను పీల్చేస్తాయి కాబట్టి వాటినీ వాడతారు. ఇక ఈ ఆమ్లం చేతి మీద పడితే నొప్పి వెంటనే తెలియకపోవచ్చు, గంటల తర్వాత మొదలవుతుంది. చర్మం దాటి లోపలికి వెళ్లి శరీరంలోని కాల్షియంను పట్టేస్తుంది. నీళ్లతో కడిగి వెంటనే కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాయాలి. ఆ జెల్ దగ్గర లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

ఇప్పుడు ఆ ఎర్ర పొడి దగ్గరికి వద్దాం. ప్లాటినం ఫ్లోరైడ్లు తయారుచేస్తుంటే బార్ట్‌లెట్‌కు గాజులో మాటిమాటికీ ముదురెరుపు పదార్థం ఒకటి కనిపించేది. తాను కోరుకున్నది అది కాదు. చాలామంది దాన్ని మలినం అని గీకి పారేసేవాళ్లు. ఆయన పారేయలేదు. ముందు దాన్ని ప్లాటినం, ఆక్సిజన్, ఫ్లోరిన్ కలిసిన మామూలు ఆక్సీఫ్లోరైడ్ అనుకున్నాడు. విద్యార్థి డెరెక్ లోమన్‌తో కలిసి విశ్లేషించి చూస్తే, ఒక్కో ప్లాటినంకు రెండు ఆక్సిజన్ పరమాణువులు, ఆరు ఫ్లోరిన్లు తేలాయి. లెక్క కుదరాలంటే దారి ఒక్కటే ఉంది. ఆక్సిజన్ అణువు ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ధనాయాన్‌గా ఉండాలి.

ఆ రోజుల్లో ఇది మింగుడుపడే మాట కాదు. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు తీసుకునేదే గానీ ఇచ్చేదా? నిరూపించడానికి ఆయన ప్లాటినం హెక్సాఫ్లోరైడ్‌నే తయారుచేశాడు. అమెరికాలో ఆర్గోన్ జాతీయ ప్రయోగశాలవాళ్లు 1957లో మొదటిసారి చేసిన పదార్థం అది. ప్లాటినం తీగను ఫ్లోరిన్‌లో కరెంటుతో ఎర్రగా కాల్చి, పుట్టిన ఆవిరిని పక్కనే ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన గోడ మీద తక్షణం గడ్డకట్టించాలి. ఆలస్యమైతే ఆ వేడికే విడిపోతుంది. దాని ఎర్రటి ఆవిరిని గది ఉష్ణోగ్రతలో ఆక్సిజన్‌తో కలపగానే ఆ పాత ఎర్ర పొడే ప్రత్యక్షమైంది. అనుమానం తీరింది.

తర్వాత జరిగింది నాకెప్పుడు తలుచుకున్నా ముచ్చటగా ఉంటుంది. క్లాసుకు పాఠం సిద్ధం చేసుకుంటూ బార్ట్‌లెట్ అయనీకరణ శక్తుల గ్రాఫు ఒకటి చూశాడు. అప్పటి లెక్క ప్రకారం ఆక్సిజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్ లాగడానికి 12.2 ఎలక్ట్రాన్ ఓల్టులు కావాలి. జీనాన్‌కు 12.1. హీలియంకు 24.6, ఆర్గాన్‌కు 15.8. అంటే ఆక్సిజన్‌ను లొంగదీసిన పదార్థానికి జీనాన్ కూడా లొంగాలి. ఆ అంకెలు అప్పటికి ఎన్నో ఏళ్లుగా అందరి ముందూ ఉన్నాయి. 1895లోనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త మోయిసాన్ ఆర్గాన్ వాయువుతో ఫ్లోరిన్ కలిపి చూసి విఫలమయ్యాడు. 1933లో జీనాన్ ఫ్లోరైడ్లు ఉండొచ్చని అమెరికన్ రసాయన శాస్త్రవేత్త పౌలింగ్ చెప్పాక కాలిఫోర్నియాలో చేసిన ప్రయత్నమూ ఫలించలేదు. దాంతో ఈ వాయువులు దేనితోనూ కలవవని పాఠాల్లో స్థిరపడిపోయింది.

1962 మార్చి 23, శుక్రవారం సాయంత్రం. శిష్యులు భోజనాలకు వెళ్లారు, ల్యాబులో ఆయన ఒక్కడే ఉన్నాడు. ఒక పక్క ఎర్రటి ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆవిరి, మరో పక్క రంగులేని జీనాన్, మధ్యలో పలచటి గాజు పొర. గ్రీజు పూసిన కొళాయి పెట్టే వీలు లేదని ఇంతకుముందే చెప్పుకున్నాం కదా, అందుకే ఈ గాజు సీలు. సీలు పగలగొట్టాడు. రెండు వాయువులు కలిసిన క్షణంలోనే ఎరుపు పోయి గోడల మీద నారింజ ఛాయ ఉన్న పసుపు పొడి కట్టింది. వేడి చేయనక్కర్లేదు, పీడనం అక్కర్లేదు. అప్పుడే వెళ్లి ఎవరికైనా చెబుదామంటే భవనంలో ఎవరూ లేరు.

జూన్‌లో చిన్న పేపరు అచ్చయింది. ఆ ఏడే ఆర్గోన్ ప్రయోగశాలవాళ్లు ఒక వంతు జీనాన్, ఐదు వంతుల ఫ్లోరిన్ నికెల్ పాత్రలో పోసి 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు వేడిచేసి చల్లార్చితే, జీనాన్ టెట్రాఫ్లోరైడ్ స్ఫటికాలు వచ్చాయి. ఇంకొన్నేళ్లకు, బాగా ఆరిన గాజు బుడ్డిలో జీనాన్, ఫ్లోరిన్ నింపి ఎండలో పెడితే చాలు, జీనాన్ డైఫ్లోరైడ్ వస్తుందని తేలింది. ఇవాళ అతిచిన్న సెన్సార్ల తయారీలో సిలికాన్‌ను చెక్కడానికి ఈ డైఫ్లోరైడ్ ఆవిరినే వాడుతున్నారు. తడి తగలకుండా చెక్కుతుంది కనుక సన్నని భాగాలు ఒకదానికొకటి అతుక్కుపోవు.

ఇందులో ప్రమాదమూ ఉంది. జీనాన్ ఫ్లోరైడ్లలో కొన్నింటికి తేమ తగిలితే జీనాన్ ట్రయాక్సైడ్ పుడుతుంది. ఆరిందంటే బాంబులా పేలుతుంది. 1963 జనవరిలో కొత్త స్ఫటికాలను దగ్గర నుంచి చూద్దామని బార్ట్‌లెట్ కళ్లద్దాలు తీసిన సమయంలో గొట్టం పేలింది. ఆయనా, ఆయన విద్యార్థీ ఆస్పత్రి పాలయ్యారు. కంట్లో దిగిన గాజు పెంకును 27 ఏళ్ల తర్వాత గానీ తీయలేకపోయారు. ఈ సంఘటన ప్రతి ప్రయోగశాలలోనూ మొదటి రోజే చెప్పాలని నా అభిప్రాయం.

1966లో ప్రిన్స్‌టన్, 1969లో బర్క్‌లీ వెళ్లాడు. వెండి, బంగారం, నికెల్ ఫ్లోరైడ్ల మీద పనిచేసి 1993లో పదవీ విరమణ చేశాడు. నోబెల్ రాలేదు. 2008 ఆగస్టు 5న కన్నుమూశాడు.

అయితే 1962లో తాను రాసిన సూత్రం, అంటే ఒంటరి జీనాన్ ధనాయాన్, దాని పక్కన ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ రుణాయాన్ అన్నది, ఆయనను వదల్లేదు. ఆ పసుపు పొడి ఒకే ఒక్క పదార్థం కాదని, అందులో జీనాన్ ఒంటరి అయాన్‌గా లేదని అనుమానాలు ఉండేవి. 2000లో, రిటైరయ్యాక కూడా, సహచరులతో కలిసి దాన్ని మళ్లీ తవ్వి రాశాడు. అందులో ఉన్నది ప్రధానంగా ఒక జీనాన్, ఒక ఫ్లోరిన్ జతకట్టిన ధనాయాన్. దాని పక్కన ప్లాటినం ఫ్లోరైడ్ రుణాయాన్. కొంచెం వేడిచేస్తే, అంటే 60 డిగ్రీల దగ్గర, రెండు ప్లాటినంలు, పదకొండు ఫ్లోరిన్లు ఉన్న పెద్ద రుణాయాన్ ఏర్పడుతుంది. చాలా పాఠ్యపుస్తకాల్లో నేటికీ పాత సూత్రమే ఉంది. ఈ పాఠం చెప్పే మాస్టార్లు, మేడమ్‌లు దాని పక్కనే ఈ రెండో సూత్రం కూడా బోర్డు మీద రాసి, దాన్ని దిద్దింది కూడా బార్ట్‌లెటేనని పిల్లలకు చెప్పండి.

నమస్కారం.