కొండ మీద బిందె, కొండ కింద తొట్టి

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న టూరిజం విద్యార్థులకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పావుగంట అక్కడే చెల్లిపోతుంది, పెద్దలు మన్నించాలి.

‘బెజవాడలో యాత్రికుడి ఒక రోజు’ అని విషయం ఇచ్చారు. పొద్దున దుర్గమ్మ దర్శనం, మధ్యాహ్నం ఉండవల్లి గుహలు, సాయంత్రం ప్రకాశం బ్యారేజీ, రాత్రి బందరు రోడ్డులో ఏసీ హోటల్ భోజనం. ఇది మీకు కంఠతా వచ్చు, ఆటో అన్నలకూ వచ్చు. దీనికి నేను రానక్కర్లేదు.

నేను అడిగేది ఒక్కటే. ఆ రోజులో ఒక గంట కొండప్రాంతానికి, అంటే కొండవాలున జనం ఇళ్లు కట్టుకున్న పేటలకు ఇవ్వండి. అదీ పంపు వచ్చే గంట, కుళాయిల్లో నీళ్లు వదిలే గంట.

రైలు దిగినవాళ్లకు గాంధీ కొండ దగ్గరే. ఒకప్పుడు దాన్ని ఓర్ కొండ అనేవారు, ఇక్కడ కృష్ణ మీద మొదటి ఆనకట్ట కట్టించిన ఇంజనీరు పేరున. 1968లో గాంధీ స్తూపం వెలిసింది. అక్కణ్ణుంచి చూస్తే కింద రైలు పట్టాలు, కాలవలు, పక్క కొండల మీద ఒకదాని నెత్తిన ఒకటిగా ఇళ్లు. మన ఊళ్లో డబ్బు పల్లంలో, పేదరికం ఎత్తున ఉంటుందనిపిస్తుంది. పల్లంలోనే ఉన్న సింగ్‌నగర్ వాళ్లు ఒప్పుకోరనుకోండి, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచింది వాళ్లనే.

ఇక నీళ్ల సంగతి. గొట్టంలో నీళ్లు 10 మీటర్లు పైకెక్కాలంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి కావాలి, రాపిడికి పోయేది అదనం. కింద ఒక కిలోనే ఉంటే మూడంతస్తుల ఎత్తు దగ్గరికి వచ్చేసరికి ధార చచ్చిపోతుంది. అందుకే బూస్టరు పంపుతో కొండమీది ట్యాంకు నింపి, కిందికి వదలాలి. కరెంటు పోతే ట్యాంకు నిండదు. నిండినా, ట్యాంకు కంటే ఎత్తున లేచిన ఇంటికి చుక్క రాదు. వచ్చే లైన్లోనూ కింది ఇంటివాళ్లు కుళాయికే మోటారు బిగిస్తారు. పై ఇంట్లో కుళాయి బుస్సుమంటుంది. అంతటితో పోతే బాగుండు! ఒత్తిడి పడిపోయిన గొట్టం చిల్లుల్లోంచి పక్క మురుక్కాలవ నీళ్లు లాక్కుంటుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నాక మనం బజ్జీల బండిని తిడతాం.

బిందె లెక్క చూడండి. 15 లీటర్ల బిందెలో నీళ్లే 15 కిలోలు. మురుగు పైపులున్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని ప్రమాణం. ఐదుగురి ఇంటికి 675 లీటర్లు, అంటే 45 బిందెలు. మళ్లీ చెప్తున్నా, నలభై ఐదు! మెట్లెక్కి మోసుకునే ఇంట్లో పదింటితో సరిపెట్టుకున్నారంటే ఆ పది 150 లీటర్లు. పెద్ద హోటల్ గదిలో స్నానపు తొట్టి ఒక్కసారి నింపితే ఇంచుమించు అంతే.

మోసే తీరు కూడా గమనించండి. బిందె అంచుదాకా నింపరు, నాలుగు వేళ్లు వెలితి ఉంచుతారు. తొణికితే మెట్టు తడుస్తుంది, వెనక వచ్చే మనిషి జారుతుంది. చంకన బిందె, రెండో చేత బకెట్టు. బరువు రెండు పక్కలా ఉంటే నడుం ఒరగదు.

వాడిన నీళ్లకు కాలవ లేకపోతే అవి గోడ వెనక మట్టిలోకి దిగుతాయి. కొండవాలున మట్టి జారకుండా కట్టే గోడకు నీరు కారే రంధ్రాలు వదలాలి, వెనక కంకర పోయాలి. రంధ్రాలు సిమెంటుతో పూడ్చేస్తే నీళ్లే గోడను నెడతాయి. 2024 ఆగస్టు 31న వానకు మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఆ మొగల్రాజపురంలోనే గుహలు చూపించి బస్సు వెనక్కి తిప్పేస్తున్నాం. తల ఒక్కసారి పైకెత్తమని చెప్పడానికి ఏమొచ్చింది మనకి?

బెల్లు కొట్టారు. సరే, ఇంకొక్క నిమిషం.

మధ్యాహ్నం అన్న క్యాంటీన్లో ఐదు రూపాయల టోకెనుకు వరుసలో నిలబెట్టండి. రాత్రి ఏసీ హోటల్‌కూ తీసుకెళ్లండి, నాకేం అభ్యంతరం లేదు. కొండకు వెళ్లేటప్పుడు మాత్రం కొంచెం చూసుకోండి. పంపు వేళ సందుసందుకూ మారుతుంది, ముందురోజే కింది టీకొట్టులో అడగండి. ఐదుగురికి మించొద్దు. ఆ మెట్ల మీద ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఆనుకోవాల్సిందే. ఆనుకోవాల్సింది మీవాళ్లు, బిందెతో ఉన్న మనిషి మెట్టు మధ్యలో ఆగలేదు. ఫోన్లు జేబులోనే ఉంచమనండి.