ట్రాన్స్‌ఫర్ సీటు: పాతిక శాతం అంటే మీకు పాతిక శాతం కాదు

(నేరుగా కెమెరా వైపు. పలకరింపులు లేవు.)

"యూసీఎల్‌ఏలో ఫస్ట్ ఇయర్‌కి తొమ్మిది శాతమేనట, ట్రాన్స్‌ఫర్‌కి పాతిక శాతమట. రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివించి అటు తోసేస్తే పోలా?" కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, కూపర్టినో వైపు మనవాళ్లు నలుగురు చేరితే ఈ మాట వస్తుంది. యూసీఎల్‌ఏ అంటే లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ. శాతం అంటే అప్లై చేసినవాళ్లలో సీటు వచ్చినవాళ్లు. కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ, ట్రాన్స్‌ఫర్ అంటే ఒక కాలేజీలో కొంత చదివి మధ్యలో ఇంకోచోట చేరడం. పాతిక శాతం చుట్టూ ఉన్నమాట నిజమే. కానీ అది మీ అబ్బాయి శాతం కాదు, మీ అమ్మాయి శాతమూ కాదు. ఎందుకో రైలు లెక్కలో చెప్తా.

గోదావరి ఎక్స్‌ప్రెస్ తీసుకోండి. విశాఖలో ఎక్కేవాళ్లు ఫస్ట్ ఇయర్ అడ్మిషన్లు. మీరు విజయవాడలో ఎక్కుతున్నారు, అదే ట్రాన్స్‌ఫర్. విజయవాడలో మీకు బెర్తు మూడు రకాలుగా దొరుకుతుంది. ముందు ఎక్కినవాళ్లు ఎవరైనా దిగాలి. లేదా విజయవాడకి కోటా ఉండాలి. లేదా అదనంగా బోగీ తగిలించాలి. ఏ యూనివర్సిటీ అయినా ముందు చూడాల్సింది ఈ మూడింట్లో అక్కడ ఏది నడుస్తోందని. మీ జీపీఏ, అంటే 4.0కి లెక్కేసే మార్కుల సగటు, దాని సంగతి ఆ తర్వాత.

(స్క్రీన్ మీద: కామన్ డేటా సెట్, బి22, డి2)

దిగేవాళ్ల లెక్క తేలాలంటే ఆ యూనివర్సిటీ పేరుతో కామన్ డేటా సెట్ అని వెతకండి. యూనివర్సిటీలు ఏటా తమ లెక్కలు ఒకే నమూనాలో పెట్టే పత్రం అది. అందులో బి22 దగ్గర ఫస్ట్ ఇయర్ పిల్లల్లో ఎంతమంది రెండో ఏడాదికి తిరిగొచ్చారో ఉంటుంది. పెద్ద పేరున్న చోట్ల అది 97, 98 శాతం. అంటే 1,400 మంది ఎక్కితే దిగేది ముప్పై, నలభై మంది. వాళ్లలోనూ కొందరు సెలవు మీద వెళ్లి తిరిగొస్తారు. డి2లో ట్రాన్స్‌ఫర్‌కి ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందికి ఇచ్చారు, ఎంతమంది చేరారు అన్నది ఉంటుంది. ఒక్క ఏడాది చూసి ఊరుకోవద్దు, కనీసం మూడేళ్లవి పక్కపక్కన పెట్టండి. చిన్న సంఖ్యలు కదా, ఒక్క ఏడాది శాతం చూసి ఆశపడటమూ తప్పే, దిగాలుపడటమూ తప్పే.

ప్రిన్స్‌టన్ అయితే 1990లో ట్రాన్స్‌ఫర్లు మొత్తానికే ఆపేసి, మళ్లీ 2018లో మొదలుపెట్టింది. అది కూడా మాజీ సైనికులు, కమ్యూనిటీ కాలేజీ పిల్లలు, తక్కువ ఆదాయం ఇళ్ల పిల్లలు ముందు అన్న ఉద్దేశంతో. ఇంకో మంచి యూనివర్సిటీలో హాయిగా 3.9తో చదువుతూ, "పేరు కోసం మారదాం" అనుకునే పిల్లాడు ఆ కోటాలో లేడు. హార్వర్డ్ ఏటా తీసుకునేది పట్టుమని డజను మంది. అదే కార్నెల్ చూడండి, ఏటా వందల మందిని తీసుకుంటుంది. ఇక్కడ బోగీ తగిలించారన్నమాట. వ్యవసాయం, హ్యూమన్ ఎకాలజీ, లేబర్ రిలేషన్స్ లాంటి కాలేజీలు న్యూయార్క్ రాష్ట్రంతో ముడిపడినవి. అక్కడి కమ్యూనిటీ కాలేజీలతో వాటికి ఒప్పందాలున్నాయి. మూడింటినీ "ఐవీ లీగ్" (అమెరికాలో పేరున్న పాత ప్రైవేట్ యూనివర్సిటీల గుంపు) అని ఒకే గాట కట్టి శాతం చెప్పే వీడియోలు చూడకండి, టైమ్ దండగ.

ఇక కాలిఫోర్నియా. కోటా ఇక్కడ బాహాటంగా ఉంటుంది. యూసీ అంటే యూసీఎల్‌ఏ, బర్క్‌లీ లాంటి క్యాంపస్‌లున్న కాలిఫోర్నియా యూనివర్సిటీ. అది తీసుకునే ట్రాన్స్‌ఫర్లలో 90 శాతం పైగా ఆ రాష్ట్ర కమ్యూనిటీ కాలేజీల నుంచే. మీరు డి ఆంజా, ఓలోనీ లాంటి అక్కడి కమ్యూనిటీ కాలేజీలో చదువుతుంటే విజయవాడ కోటాలో ఉన్నట్టు. టెక్సస్‌లో చదువుతూ అప్లై చేస్తే అదే రైలుకి కోటా లేని స్టేషన్‌లో నిలబడ్డట్టు. ఆ పాతిక శాతం విజయవాడ వాళ్లని చూసి వేసిన లెక్క, మీ స్టేషన్‌ది కాదు.

కోటా ఉంటే సరిపోతుందా? పోదు, ఏ బోగీ అన్నది ఇంకా ఉంది. యూసీ వెబ్‌సైట్‌లో మేజర్ల (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుల) వారీగా ట్రాన్స్‌ఫర్ పట్టిక పెడతారు. క్యాంపస్ ఎంచుకోండి, మేజర్ ఎంచుకోండి. యూసీఎల్‌ఏ కంప్యూటర్ సైన్స్ దగ్గర పాతిక శాతం కాస్తా పది లోపుకి పడిపోతుంది. రైలంతా ఖాళీగా ఉన్నా ఏసీ బోగీ నిండిపోయినట్టు. ఆ పట్టికలో జీపీఏ రెండు అంకెల మధ్య ఇస్తారు, 3.8 నుంచి 4.0 అన్నట్టు. కిందిది కటాఫ్ అనుకుంటారు చాలామంది. కాదు. సీటు వచ్చినవాళ్లలో నాలుగో వంతు దానికంటే తక్కువ. కానీ కింద ఉండి సీటు తెచ్చుకున్నవాళ్ల దగ్గర మిగతాదంతా గట్టిగా ఉండి ఉంటుంది. మీరు కింది అంకె దగ్గరుంటే ఆ మేజర్‌ని ఆశల జాబితాలోనే ఉంచండి.

(స్క్రీన్ మీద: అసిస్ట్ డాట్ ఆర్గ్)

నా దృష్టిలో పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. జీపీఏ 4.0 ఉంటుంది, మేజర్‌కి కావాల్సిన కోర్సులు ఉండవు. కమ్యూనిటీ కాలేజీ కోర్సులు యూసీలో దేనికి చెల్లుతాయో చూపే సైట్ అసిస్ట్. అందులో ఏడాది, మీ కాలేజీ, వెళ్లాలనుకునే క్యాంపస్, మేజర్ పెడితే ఏ కోర్సుకి ఏది సమానమో వస్తుంది. ఇంజినీరింగ్‌కి కాల్కులస్ మొత్తం వరస, ఫిజిక్స్ వరస, ప్రోగ్రామింగ్ కావాలి. వరస అన్నాక ఒకే కాలేజీలో పూర్తి చేయండి. సగం క్వార్టర్ కాలేజీలో (ఏడాదిని సెమిస్టర్ కంటే చిన్న ముక్కలు చేసేది), సగం సెమిస్టర్ కాలేజీలో చదివితే మధ్యలో ఒక పాఠం ఎగిరిపోయి, రెండూ కలిపినా చెల్లకపోవచ్చు. "రెకమెండెడ్" అని రాసి ఉంటే ఇష్టమైతే చదువు అని అర్థం చేసుకోవద్దు. పోటీ ఉన్న మేజర్‌లో అది తప్పనిసరే, మర్యాదగా రాశారంతే.

యూసీకి కావాల్సిన యూనిట్లు (చదివిన కోర్సుల క్రెడిట్ లెక్క): 60 సెమిస్టర్ యూనిట్లు, లేదా 90 క్వార్టర్ యూనిట్లు, చేరబోయే ముందు స్ప్రింగ్ అయ్యేసరికి ఉండాలి. కనీస జీపీఏ రాష్ట్రంవాళ్లకి 2.4, బయటివాళ్లకి 2.8. అది ప్లాట్‌ఫారం టికెట్ మాత్రమే, బెర్తు కాదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా.

టాగ్ అని, షరతులు తీరిస్తే యూసీలో సీటు ఖాయం చేసే గ్యారంటీ పద్ధతి ఒకటుంది. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరింటిలో ఒక్కదానికే పెట్టుకోవాలి, సెప్టెంబర్‌లో. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియాగోలకి లేదు. కొన్ని మేజర్లని మినహాయిస్తారు, మీది ఉందో లేదో చూసుకోండి. టాగ్ వచ్చినా అసలు అప్లికేషన్ విడిగా పెట్టాల్సిందే.

యూసీకి అప్లై చేసినవాళ్లు జనవరిలో అకడమిక్ అప్‌డేట్ (కోర్సులు, మార్కుల తాజా వివరం) నింపాలి. స్ప్రింగ్‌లో చదువుతానని రాసిన కోర్సు చెప్పకుండా వదిలేస్తే, వచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకుంటారు.

ప్రైవేట్ యూనివర్సిటీలకి కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి ఒకే అప్లికేషన్ పెట్టే సైట్) కాలేజీ రిపోర్ట్, మిడ్‌టర్మ్ రిపోర్ట్ అడుగుతారు. మొదటిది మీ ప్రస్తుత కాలేజీ ఆఫీసు నింపాలి, గడువు వారం ముందు ఇస్తే అవ్వదు. ఒక్క ఏడాది చదివే మారుతుంటే మీ హైస్కూల్ మార్కులు ఇంకా గట్టిగానే చూస్తారు.

ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లు: సీటు వచ్చాక సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు వ్యవస్థ) రికార్డు విడుదల తేదీ పాత కాలేజీతో మాట్లాడి పెట్టించుకోండి. ఆ తేదీ తర్వాతే కొత్త కాలేజీవాళ్లు ఐ-20 (వీసాకి ఆధారమైన కాలేజీ పత్రం) ఇవ్వగలరు. రెండు చోట్ల సీటు వచ్చి ఇంకా తేల్చుకోకపోతే, తేలేవరకూ ఆ తేదీ పెట్టించవద్దు.