ఫోను లాక్కోవడం కాదు, బడి గేటు తెరవండి!

నమస్కారం. పిల్లల చూపు పాడవుతోందంటే అందరూ ఫోనునే తిడుతున్నారు. ఈ రోజు నా మాట విని సగం మంది తల్లిదండ్రులు నన్ను తిడతారు. తిట్టండి. మీ పిల్లవాడి చేతిలో ఫోను పెట్టింది ఆ యాప్‌ల కంపెనీలు కాదు, సాయంత్రం అయిదు గంటలకు బడి మైదానానికి తాళం వేసినవాళ్లు!

ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసింది కదా, అప్పటినుంచి మన దగ్గరా ఒకటే గోల, ఇక్కడా తేవాలని. సరే, తెచ్చారనుకుందాం. నల్లగొండలో ఏడో తరగతి పిల్లవాడి ఫోను లాక్కున్నారు. వాడు ఎక్కడికి పోవాలి? ట్యూషన్‌కు! ట్యూబ్‌లైటు కింద, జానెడు దూరంలో గైడు. తెర పోయి కాగితం వచ్చింది. కంటికి ఒరిగిందేమిటి?

చైనాలో గ్వాంగ్‌జౌ బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాల ఆరుబయటి పీరియడు పెట్టారు. ఎవరి ఫోనూ లాక్కోలేదు. మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి, అంటే దూరంలోవి మసకగా కనిపించే దోషం, వచ్చినవాళ్లు ఆ బడుల్లో 30 శాతం, మామూలు బడుల్లో దాదాపు 40 శాతం. 2015లోనే అచ్చయిన ఫలితాలు ఇవి! పగటి వెలుగుకు కంటి లోపలి పొర రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలై, కనుగుడ్డు అతిగా సాగి ఈ దోషం రాకుండా ఆపుతుందని శాస్త్రవేత్తల అంచనా.

"మే నెల ఎండలో పిల్లల్ని వదలమంటావా?" అని అప్పుడే రాస్తున్నారు, నాకు తెలుసు. మిట్టమధ్యాహ్నం ఎవరు వదలమన్నారండీ? వేపచెట్టు నీడలో కూడా మీ హాలులోకన్నా ఎన్నో రెట్లు వెలుగుంటుంది. పిల్లలమర్రిని పక్కన పెట్టుకుని మహబూబ్‌నగర్ వాళ్లు నీడ లేదంటే నేను ఒప్పుకోను.

చిర్రగోనె ఆడితే కన్ను పోతుందని భయపెట్టి పిల్లల్ని లోపల కూర్చోబెట్టాం. కూర్చోబెట్టినందుకు ఇప్పుడు కళ్లద్దాలు కొంటున్నాం!

ఆరుబయట అంటే ఆటలే కానక్కరలేదు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూశారా? సూర్యుడు కదులుతాడు, గర్భగుడిలో స్తంభం నీడ మాత్రం పగలంతా అక్కడే ఉంటుంది. దాని మీద వచ్చిన వీడియోలన్నీ మన పిల్లలు చూసేశారు. గుడికి వెళ్లి ఏ స్తంభం నీడో వెతికినవాళ్లు ఎందరు? ఇంటికొచ్చి అట్టముక్కలతో మండపం కట్టి, టార్చి అటూ ఇటూ తిప్పినవాళ్లు ఎందరు? ఒక్కసారి ఆ నీడను తన చేతులతో నిలబెట్టిన పిల్లవాడు పక్కన ఫోను మోగినా తల తిప్పడు. ఇది నా సిద్ధాంతం, రుజువులు అడగకండి.

మళ్లీ గేటు దగ్గరకే వద్దాం. బయటివాళ్లు వస్తారు, కుళాయిలు విరగ్గొడతారు అంటారు. అయితే కాపలా మనిషిని పెట్టండి, రెండు గంటల పాటు! ప్రహరీకి డబ్బులున్నాయి, రంగులకు ఉన్నాయి, దీనికి లేవా?

రేపు సాయంత్రం అయిదింటికి మీ వీధి బడికి వెళ్లండి. తాళం ఉందో లేదో ఊరి పేరుతో కింద రాయండి. మిర్యాలగూడ, నాగర్‌కర్నూల్, వనపర్తి, ఎక్కడైనా సరే. ఆ జాబితా పట్టుకుని జిల్లా విద్యాశాఖ కార్యాలయానికి నేనే వెళతాను, కెమెరాతో.