రాయి తడి ఆరనివ్వద్దు: రీఫ్ ట్యాంక్ మార్పుపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంట్లో చేపలు పెంచుకునేవారి ప్రశ్నలకు జవాబులిచ్చే మన కార్యక్రమంలో ఈ వారం ఉప్పునీటి ట్యాంకుల గురించి మాట్లాడుకుందాం. చాలా ఏళ్లుగా ఇంట్లో రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంక్, నడుపుతున్న మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాల్ విశాఖపట్నం నుంచి. హలో, చెప్పండి.

శ్రోత (విశాఖపట్నం): నమస్తే సార్, నమస్తే మేడమ్. మాది సీతమ్మధార. నా దగ్గర రెండున్నర అడుగుల మెరైన్ ట్యాంక్ ఉందండి, మూడేళ్లయింది. ఒక జత క్లౌన్ ఫిష్, రాయికి అతుక్కుని బతికే ఒక ఎనిమోన్, పగడాల జాతికి చెందిన జోవాంథిడ్లు, మష్రూమ్ కోరల్స్ ఉన్నాయి. ఇప్పుడు నాలుగు బై రెండు బై రెండు ట్యాంక్ చేయించాను. ఈ ఆదివారం మార్చేద్దామని. అవే నీళ్లు, అదే ఇసుక, అవే రాళ్లు తీసి ఇందులో పెట్టేస్తే సరిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది మేడమ్.

మేడమ్: రాళ్లన్నీ వాడుకో బాబూ. నీళ్లు కొంత వాడుకో. ఇసుక మాత్రం వద్దు.

శ్రోత: ఇసుకలో చేపల మలినాన్ని విరిచే మంచి బ్యాక్టీరియా ఉంటుంది కదా మేడమ్?

మేడమ్: ఉంటుంది. దాంతోపాటు మూడేళ్లుగా చేపలు తినకుండా వదిలేసిన మేత, వాటి మలం అన్నీ అడుగుకు దిగి కూర్చున్నాయి. కదపనంత కాలం అది అక్కడే పడి ఉంటుంది. కదిపావంటే అమ్మోనియా ఒక్కసారిగా నీళ్లలో కలుస్తుంది. ఇసుక మందంగా ఉండి లోపల గాలి ఆడని చోట హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు కూడా పుడుతుంది. నేను మొదటిసారి ట్యాంక్ మార్చినప్పుడు నువ్వు అనుకున్నట్టే చేశాను. పాత ఇసుకను మగ్గుతో ఎత్తి కొత్త ట్యాంకులో పోశాను. అడుగు పొర నల్లగా ఉంది, కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. అయినా ఆగలేదు. తెల్లారి చూస్తే పసుపు టాంగ్ చేప పక్కకు ఒరిగి మొప్పలు ఎగరేస్తోంది. మధ్యాహ్నానికి పోయింది. రెండు రోజుల్లో ఇంకో రెండు చేపలు. అప్పటి నుంచి ఎవరు అడిగినా మొదట ఇసుక మాటే చెబుతున్నాను.

శ్రోత: మరి బ్యాక్టీరియా ఎక్కడి నుంచి వస్తుంది మేడమ్?

మేడమ్: రాళ్ల నుంచే. వాటిలోని సన్న రంధ్రాల నిండా అదే ఉంటుంది. నీళ్లలో ఉండేది చాలా తక్కువ. అందుకే నీళ్లు పోయినా ఫర్వాలేదు, రాయి ఎండకూడదు. ట్యాంకులోంచి తీసిన రాయిని తీసినట్టే పాత ఉప్పునీళ్లున్న టబ్బులో ముంచెయ్యి. కుళాయి నీళ్లు తగలనివ్వకు. మంచినీళ్లలో కడిగితే బ్యాక్టీరియా చస్తుంది. కొత్త ఇసుక బాగా కడిగి వేసుకో. పాత ఇసుకలో పై పొర నుంచి ఒక కప్పు తీసి పైన చల్లు, అది చాలు.

శ్రోత: అమ్మ ఆ రాళ్లను వేడినీళ్లలో ఉడికించి శుభ్రం చేద్దామంటోంది మేడమ్.

మేడమ్: అయ్యో, అస్సలు వద్దు! అమ్మగారికి ఇప్పుడే చెప్పు. నీ దగ్గర జోవాంథిడ్లు ఉన్నాయన్నావు. వాటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. ఉడికిస్తే అది ఆవిరితో ఇల్లంతా పరుచుకుంటుంది. ఇలా చేసి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన ఘటనలు విదేశాల్లో ఉన్నాయి. ఆ రాళ్లను బ్రష్‌తో పొడిగా గీకొద్దు కూడా. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకునే పట్టుకో. చేతి మీద కోసుకున్న గాయం ఉంటే ఆ రోజు ఆ పని ఇంకెవరికైనా అప్పగించు.

శ్రోత: సరే మేడమ్. నీళ్ల సంగతి చెప్పండి. బీచ్ దగ్గరే కదా, సముద్రం నీళ్లు తెచ్చుకుంటే?

మేడమ్: ఒడ్డు నీళ్లలో ఊరి మురుగు, ఓడరేవు నూనె కలిసే ఉంటాయి. పైగా బంగాళాఖాతంలోకి గోదావరి, కృష్ణ, గంగ, బ్రహ్మపుత్ర దిగుతాయి. వానలు పడ్డాక ఒడ్డున ఉప్పదనం బాగా పడిపోతుంది. ఆర్‌ఓ-డీఐ, అంటే లవణాలన్నీ వడగట్టేసిన నీళ్లలో, రీఫ్ ట్యాంకుల కోసం చేసిన ఉప్పుపొడి రీఫ్ సాల్ట్ కలుపుకోవడమే మేలు. కల్లుప్పు వద్దు, అది కూరలకే. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పుమడుల్లో చూడు, ఉప్పు గింజ కట్టేలోపే కాల్షియం చాలావరకు విడిపోతుంది, మెగ్నీషియం చివర మిగిలే చేదు నీళ్లలో ఉండిపోతుంది. మనకు దక్కేది దాదాపు సోడియం క్లోరైడే. దాంతో కోరల్ బతకదు.

శ్రోత: ఎంత కలపాలి మేడమ్?

మేడమ్: నీ కొత్త ట్యాంక్ 16 ఘనపుటడుగులు, అంటే సుమారు 450 లీటర్లు. రాళ్లూ ఇసుకా పోను 400 అనుకో. పాత ట్యాంకులో పైన తేటగా ఉన్న నీళ్లు 100 లీటర్లు తీసుకో, మిగతా 300 కొత్తవి. లీటరుకు 35 గ్రాముల లెక్కన పదిన్నర కిలోలు. పొడిలో తేమ ఉంటుంది కాబట్టి ఇంకో కిలోన్నర చేతిలో ఉంచుకో. డ్రమ్ములో కలిపి పంపు పెట్టి 24 గంటలు తిప్పు. ఆ డ్రమ్ము, బకెట్లు ఎప్పుడూ సబ్బు ముట్టనివై ఉండాలి. పాత ట్యాంకులో సాంద్రత, వేడి ఎంతుందో కొత్త నీళ్లలోనూ అంతే ఉండాలి. 1.025, 26 డిగ్రీలు అయితే అక్కడా అవే. ఆదివారం పని కాదు బాబూ ఇది, శనివారం పొద్దున్నే నీళ్లు తిరుగుతూ ఉండాలి. దానికి ముందు మూడు రోజులు మామూలు నీళ్లు నింపి లీకు చూసుకోవాలి. అంచేత వచ్చే ఆదివారానికి పెట్టుకో.

శ్రోత: అలాగే మేడమ్. మరి ఆ రోజు ముందు ఏది తియ్యాలి?

మేడమ్: మొదట హీటర్ ప్లగ్ పీకేసి పావుగంట ఆగు. వేడిగా ఉన్న గాజు నీళ్ల బయటికొస్తే పగులుతుంది. ఆ తర్వాత తేట నీళ్లు తోడుకో, కోరల్స్, రాళ్లు. ఎనిమోన్‌ను రాయి నుంచి పీకకు. పాదం చిరిగితే అది కోలుకోవడం కష్టం. ఉన్న రాయితో సహా ఎత్తి దానికి విడిగా ఒక బకెట్ పెట్టు. కొత్త చోట రెండు మూడు రోజులు అది నడుస్తుంది, అందుకని పంపుల మూతులకు స్పాంజి కట్టు. చేపలు చివర్న. నాలుగంగుళాల నీళ్లు మిగిలినప్పుడు రాళ్లు ఉండవు, దాక్కునే చోటు ఉండదు. ప్లాస్టిక్ డబ్బాతో మెల్లగా ముంచి తీసుకో, వల వేస్తే ఒంటి మీది జిగురు పోతుంది.

శ్రోత: రాళ్లు చాలవేమో మేడమ్. స్నేహితుడొకడు అండమాన్ నుంచి పగడపు రాయి తెస్తానన్నాడు.

మేడమ్: తేవద్దని చెప్పు. రీఫ్ కట్టే రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. అక్కడి రీఫ్‌లోంచి ఒక ముక్క తీసినా తప్పే, నాకైతే బాధగా కూడా ఉంటుంది. మనుషులు చేసిన సిరామిక్ రాయి దొరుకుతుంది, అది చాలు. ఇంకో మాట. కొత్త లైటు సగం వెలుగులో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో పెంచు. రెండు వారాలు రోజూ అమ్మోనియా చూడు, మేత సగం చెయ్యి. నెలన్నర దాకా కొత్త చేప కొనకు. ట్యాంక్ ఖాళీగా కనిపిస్తుంది, మనసు లాగుతుంది, ఓర్చుకో.

వ్యాఖ్యాత: విశాఖ శ్రోతకు ధన్యవాదాలు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి.

శ్రోత (హైదరాబాద్): మేడమ్, మాది ఐదో అంతస్తు ఫ్లాట్. నాది కూడా నాలుగడుగుల ట్యాంకే. ఫ్లోర్ ఆగుతుందా?

మేడమ్: నీళ్లే 400 కిలోలు దాటతాయి. గాజు, స్టాండు, రాళ్లు కలిపితే 650 దగ్గర. ఇళ్లలో ఫ్లోర్‌కు మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల లెక్క వేస్తారు. మీ ట్యాంక్ కింద చోటు ముప్పావు చదరపు మీటరు కూడా లేదు. గది మధ్యలో పెట్టకండి. గోడ పక్కన, కింద బీమ్ ఉన్న చోట పెట్టాలి. ముందు బిల్డింగ్ డ్రాయింగ్ పట్టుకెళ్లి స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు చూపించండి. నా అంచనా మీద ఆధారపడకండి.

వ్యాఖ్యాత: చివరి కాల్ కాకినాడ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (కాకినాడ): మేడమ్, రేపు మా ఆయన ట్యాంక్ మారుస్తున్నారు. మా వీధిలో కరెంటు చెప్పకుండా పోతుంది. చేపలు బకెట్లలో ఉన్నప్పుడు పోతే?

మేడమ్: బకెట్లో ముందు తగ్గేది ప్రాణవాయువు. బ్యాటరీ ఎయిర్ పంపు ఉందా అమ్మా?

శ్రోత: ఉందండి, కొని చాలా రోజులైంది.

మేడమ్: సెల్స్ పనిచేస్తున్నాయో లేదో ఇప్పుడే చూడు. లైన్లోనే ఉంటాను.

శ్రోత: ఒక్క నిమిషం... ఇదిగోండి, ఆన్ చేశాను. వినిపిస్తోందా?

మేడమ్: వినిపిస్తోంది. ఇంకో జత సెల్స్ కూడా దగ్గర పెట్టుకోమ్మా.